ఇసుక నేల ద్రవీకరణం: సాక్షి కథనం నుంచి పరీక్షాంకం వరకు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

బలమైన భూకంపం వచ్చినప్పుడు నీటితో నిండిన వదులు ఇసుక నేల కొంతసేపు తన గట్టిదనాన్ని కోల్పోయి ద్రవంలా ప్రవర్తిస్తుంది. దీన్ని ఇంజనీర్లు 'నేల ద్రవీకరణం' అంటున్నారు. ఒక స్థలానికి ఈ ప్రమాదం ఉన్నదో లేదో తెలుసుకోవడానికి నేడు స్థిరమైన పరీక్షలు, గణన పద్ధతులు ఉన్నాయి. పైకి ఇవి కేవలం అంకెల వ్యవహారంగా కనిపిస్తాయి. అయితే ఈ అంకెలకు ప్రమాణంగా నిలిచిన గీత సిద్ధాంతం నుంచి మాత్రమే పుట్టలేదు. భూకంపం తరువాత ఎక్కడ ఇసుక ఉబికింది, ఎక్కడ ఉబకలేదు అని మనుషులు చూసి నమోదు చేసిన వివరాల ఆధారంగా దాన్ని గీశారు. 1819 కచ్ భూకంపం మొదలు 2001 భుజ్ భూకంపం వరకు ఉన్న ప్రధాన ఘట్టాల ద్వారా ఈ పరిణామాన్ని వివరించడం, తెలుగు ప్రాంతాలకు దీనితో ఉన్న సంబంధాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నేల ద్రవీకరణం, ఇసుక బుగ్గలు, బీహారు–నేపాల్ భూకంపం, నీగాతా, ఎస్.పి.టి., ఎన్ విలువ, విజ్ఞానశాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం

భూకంప చరిత్రను మనం సాధారణంగా కూలిన కట్టడాల ద్వారా, మరణించినవారి సంఖ్య ద్వారా గుర్తుపెట్టుకుంటాం. కట్టడం కింద ఉన్న నేల ఏమైంది అన్న ప్రశ్న చాలాకాలం వెనకబడే ఉంది. నేల నెర్రెలు విచ్చిందనీ, అందులోంచి నీరూ ఇసుకా చిమ్మాయనీ చెప్పే కథనాలు పాత నివేదికలలో తరచుగా కనిపిస్తాయి. వాటిని చదివినవారు భూకంపం చేసే అనేక వింతలలో ఇదొకటని భావించారే తప్ప, కట్టడాల పతనానికి అదే ముఖ్యకారణం కావచ్చునని ఆలోచించినవారు తక్కువ.

ఆ కథనాలు సాక్ష్యాలుగా, సాక్ష్యాలు పట్టికలుగా, పట్టికలు ఒక ప్రమాణంగా మారిన క్రమం విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఒక ఆసక్తికరమైన అధ్యాయం. సాహిత్య, చరిత్ర పరిశోధకులకు ఇది పరాయి విషయం కాదు. సాక్షి మాటను ఎంతవరకు నమ్మాలి, ఒకే విషయాన్ని ఇద్దరు వేరువేరు కొలతలతో చెప్పినప్పుడు ఎలా సమన్వయించాలి, ఆధారం లేకపోవడాన్ని ఎలా అర్థం చేసుకోవాలి అన్న ప్రశ్నలు పాఠపరిష్కర్తకు ఎంత ముఖ్యమో నేలను పరీక్షించే ఇంజనీరుకూ అంతే ముఖ్యం.

2. పదం – భావం

తెలుగు విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాలలో 'ద్రవీభవనం' అనే పదం ఘనపదార్థం కరగడానికి, 'ద్రవీకరణం' అనే పదం వాయువు ద్రవంగా మారడానికి వాడుకలో ఉన్నాయి. నేల విషయంలో ఈ రెండూ జరగవు. ఇసుకరేణువు కరగదు, ఘనంగానే ఉంటుంది. నీరు నీరుగానే ఉంటుంది. మారేది ఆ రెండింటి మధ్య ఉన్న సంబంధం మాత్రమే. కాబట్టి ఇక్కడ 'ద్రవీకరణం' అనేది స్థితిమార్పును కాక ప్రవర్తనలోని మార్పును సూచించే లాక్షణిక ప్రయోగం. వేరే పదం స్థిరపడేవరకు 'నేల ద్రవీకరణం' అని విశేషణంతో కలిపి వాడడం ఉచితం.

మన వాడుకలో దీనికి దగ్గరగా ఉన్న మాట 'ఊబి'. అడుగున ఊరే నీటి ఒత్తిడి వల్ల ఇసుక పట్టుసడలి, కాలు పెడితే దిగబడే చోటు ఊబి. అందులో జరిగేదీ, భూకంపంలో జరిగేదీ మూలసూత్రంలో ఒకటే. ఊబిలో ఒత్తిడి నిలకడగా ఉండే ఊట వల్ల వస్తే, భూకంపంలో కుదుపు వల్ల క్షణాలలో వస్తుంది. నేల పగుళ్లలోంచి ఇసుకతో కలిసి నీరు ఉబికి, చుట్టూ చిన్న కుప్పగా పేరుకునే దృశ్యాన్ని ఈ వ్యాసంలో 'ఇసుక బుగ్గ' అని వ్యవహరిస్తున్నాను. నేలలోంచి నీరు ఊరే చోటును బుగ్గ అనడం తెలుగులో పాత అలవాటే. తాడిపత్రిలోని బుగ్గ రామలింగేశ్వరాలయం పేరు ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనం.

3. ద్రవీకరణం జరిగే తీరు

కుంచంలో బియ్యం కొలిచేటప్పుడు దాన్ని కుదిపితే గింజలు సర్దుకొని మట్టం దిగుతుంది. వదులుగా పేరుకున్న ఇసుక కూడా కుదిపితే ఇలాగే సర్దుకోవాలని చూస్తుంది. పొడి ఇసుకలో రేణువుల మధ్య గాలి ఉంటుంది కనుక అది సులభంగా తప్పుకుంటుంది. రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండి ఉంటే మాత్రం, భూకంపం సాగే ఆ కొద్ది క్షణాలలో నీరు బయటికి పోయే వ్యవధి ఉండదు. సర్దుకోబోయే రేణువుల బరువు నీటిమీద పడుతుంది. ఒక్కొక్క కుదుపుకూ నీటి ఒత్తిడి పెరుగుతూ పోతుంది.

నేల బలం రేణువుకూ రేణువుకూ మధ్య ఉన్న ఒరిపిడిలో ఉంది. పైబరువును రేణువులు మోస్తున్నంతసేపే ఆ ఒరిపిడి ఉంటుంది. మొత్తం బరువులోంచి నీటి ఒత్తిడిని తీసివేయగా మిగిలినదే నేలకు బలమిచ్చే ఒత్తిడి అన్న సూత్రాన్ని కార్ల్ టెర్జాగీ 1920లలో స్థాపించాడు. ఆధునిక మృత్తికా యాంత్రికశాస్త్రానికి పునాది ఇదే. నీటి ఒత్తిడి పెరిగి పైబరువుతో సమానమైనప్పుడు ఆ మిగులు సున్నా అవుతుంది. అప్పుడు బరువైన భవనాలు కుంగుతాయి లేదా ఒరుగుతాయి. నేలలో పాతిన తేలికైన తొట్టెలు, గొట్టాలు పైకి తేలుతాయి. ఏటవాలు చాలా తక్కువగా ఉన్నా నేల నది వైపు జారుతుంది. కంపనం ఆగిన తరువాత ఒత్తిడితో ఉన్న నీరు దారి వెతుక్కొని ఇసుకతో సహా పైకి ఉబుకుతుంది. ఇసుక బుగ్గలు పుట్టేది ఇలాగే.

దీన్నిబట్టి మూడు షరతులు ఏర్పడుతున్నాయి. నేల వదులు ఇసుక లేదా జిగురులేని ఒండ్రు కావాలి. అది భూగర్భజలమట్టానికి దిగువన ఉండాలి. కంపనం తగినంత బలంగా, తగినంతసేపు ఉండాలి. జిగురుగల నల్లరేగడి, గట్టిగా కూరుకున్న ఇసుక, రాతినేల ఈ ప్రమాదానికి ఇలా లోనుకావు. కొత్తగా పేరుకున్న నదీతీరాలు, పూడిన పాత కాలువలు, సముద్రాన్ని పూడ్చి చేసిన స్థలాలు ఎక్కువగా లోనవుతాయి.

4. తొలి నమోదులు: కచ్ (1819), అస్సాం (1897)

1819 జూన్ 16న కచ్ ప్రాంతంలో వచ్చిన భూకంపం భూగర్భశాస్త్ర చరిత్రలో ప్రసిద్ధమైనది. రణ్ ప్రాంతంలో నేల ఒకవైపు ఎత్తుగా లేచి 'అల్లాబంద్' అనే సహజమైన కట్ట ఏర్పడింది. దానికి దక్షిణాన నేల కుంగి సింద్రీ కోట నీటిపాలయింది. ఛార్లెస్ లయల్ తన భూగర్భశాస్త్ర గ్రంథంలో ఈ సంఘటనను వివరించి, సింద్రీ కోట చిత్రాన్ని కూడా చేర్చాడు. నేల లేవడం, కుంగడం ఆనాటి శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించింది. రణ్‌లో నేల చీలికలలోంచి నీరు, ఇసుక, బురద చిమ్మాయన్న సమాచారం ఆ పెద్ద విశేషం నీడలో ఉండిపోయింది.

1897 జూన్ 12 నాటి అస్సాం మహాభూకంపాన్ని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ అధికారి ఆర్.డి. ఓల్డ్‌హామ్ పరిశీలించి, 1899లో ఒక బృహన్నివేదిక ప్రచురించాడు. భూకంపశాస్త్రంలో ఆ నివేదిక మైలురాయి. బ్రహ్మపుత్ర మైదానంలో పగుళ్లు ఎక్కడెక్కడ ఏర్పడ్డాయి, ఇసుక ఎలా చిమ్మింది, బావులు ఎలా ఇసుకతో పూడాయి, కాలువల అడుగు ఎలా పైకి వచ్చింది అన్న వివరాలు అందులో ఓపికగా నమోదయ్యాయి. ఓల్డ్‌హామ్ వద్ద నేల బలాన్ని కొలిచే సాధనమేదీ లేదు. చూసినదాన్ని, విన్నదాన్ని వేరుచేసి రాయడం, చోటు పేరు తప్పక చెప్పడం ఆయన పాటించిన పద్ధతి. ఆ పద్ధతి వల్లనే ఆ నివేదిక శతాబ్దం తరువాత కూడా ఉపయోగపడింది. ఆ సంగతిని ఎనిమిదో భాగంలో ప్రస్తావిస్తాను.

5. బీహారు (1934): కుంగిన మేఖల

1934 జనవరి 15 మధ్యాహ్నం వచ్చిన బీహారు–నేపాల్ భూకంపంలో పదివేలమందికి పైగా మరణించారు. భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ అధికారులు డన్, ఆడెన్, ఘోష్, రాయ్ తదితరులు నెలల తరబడి ఆ ప్రాంతంలో తిరిగి వివరాలు సేకరించారు. ఆ నివేదిక 1939లో వెలువడింది. ఉత్తర బీహారులో సీతామఢీ, మధుబని మీదుగా పూర్ణియా వైపు సుమారు 300 కిలోమీటర్ల పొడవున సాగిన ఒక ప్రాంతాన్ని వారు ప్రత్యేకంగా గుర్తించారు. అక్కడ నేల విస్తారంగా చీలి కుంగింది. రోడ్డుకట్టలు, రైలుకట్టలు చుట్టుపక్కల పొలాల మట్టానికి దిగాయి. ఇళ్లు ముక్కలుగా కూలడంకంటే ఒరగడం, నేలలోకి దిగబడడం ఎక్కువగా కనిపించింది. నివేదిక ఈ ప్రాంతానికి పెట్టిన పేరును తెలుగులో 'కుంగిన మేఖల' అనవచ్చు.

రైతుకు ఈ భూకంపం రెండువిధాల నష్టం కలిగించింది. ఇల్లు పోవడం ఒకటి. నేలలోంచి ఉబికిన ఇసుక పొలాన్ని కప్పివేయడం రెండవది. చెరకు పండే ప్రాంతం కావడం వల్ల ఇసుక మేటలు వేసిన భూముల సమస్య, పాడైన చక్కెర మిల్లుల సమస్య కలిసివచ్చాయి. తాగునీటి బావులు ఇసుకతో పూడిపోయాయి. జైలు నుంచి విడుదలైన బాబూ రాజేంద్రప్రసాద్ నాయకత్వంలో బీహార్ సెంట్రల్ రిలీఫ్ కమిటీ సహాయకార్యక్రమాలు చేపట్టినప్పుడు బావుల పూడిక తీయడం ముఖ్యమైన పనులలో ఒకటయింది. ద్రవీకరణం పునాదుల సమస్యగానే కాక వ్యవసాయ సమస్యగా, నీటి సమస్యగా కూడా మన దేశ చరిత్రలో నమోదైన సందర్భమిది.

ఈ భూకంపానికి కారణమేమిటన్న ప్రశ్న మీదనే గాంధీజీకి, రవీంద్రనాథ్ ఠాగూరుకు మధ్య ప్రసిద్ధమైన వాదం నడిచింది. అస్పృశ్యతాపాపానికి ఇది దైవదండన అని గాంధీజీ అన్నారు. అస్పృశ్యతను వ్యతిరేకించడంలో ఆయనతో ఏకీభవిస్తూనే, ప్రకృతి ఉత్పాతాన్ని నైతికశిక్షగా వివరించడాన్ని ఠాగూరు తప్పుపట్టాడు. ఇద్దరి మాటలూ 1934 ఫిబ్రవరిలో 'హరిజన్' పత్రికలో వచ్చాయి. ఆలోచనా చరిత్రకారులు ఈ వాదాన్ని తరచుగా ప్రస్తావిస్తారు. అదే సమయంలో సర్వేక్షణ సంస్థ అధికారులు పొలంలో పడ్డ ఇసుకను పరిశీలిస్తూ ఇంకొక రకమైన వివరణకు సామగ్రి సేకరిస్తున్నారన్న సంగతి అంతగా గుర్తుకురాదు.

ఈ నివేదిక నేర్పిన మరో పాఠం కూడా ఉంది. నష్టం అత్యధికంగా కనిపించింది గనుక భూకంపకేంద్రం కుంగిన మేఖల ప్రాంతంలోనే ఉండి ఉంటుందని ఆనాడు భావించారు. యాంత్రిక నమోదులను పునఃపరిశీలించిన తరువాతి పరిశోధకులు ఆ కేంద్రాన్ని తూర్పు నేపాల్‌కు మార్చారు. అంటే కంపనానికి మూలం ఉన్నది ఒకచోట, నేల అత్యధికంగా చెదిరింది మరొకచోట. మధ్యలో దూరమున్నా, ఉత్తర బీహారులోని వదులు ఒండ్రు, పైకి ఉన్న నీటిమట్టం ఆ నష్టాన్ని తమవైపు లాగాయి. సాక్ష్యం సరైనదే, దాని నుంచి తీసిన నిర్ణయం మాత్రం మారింది. చూసినదాన్ని వివరణతో కలిపివేయకుండా రాసినందువల్లనే ఆ మార్పు సాధ్యమైంది.

6. 1964: రెండు ధారలు కలిసిన సంవత్సరం

భూకంపాలతో సంబంధం లేకుండా ఆనకట్టల నిర్మాతలు ఈ సమస్యను మరోవైపు నుంచి చేరుకున్నారు. 1918లో కాలిఫోర్నియాలోని కలవెరస్ ఆనకట్ట నిర్మాణంలో ఉండగానే జారిపోయింది. నీటితో కలిపి పారించిన మట్టితో కట్టిన ఆనకట్ట అది. 1920లో అలెన్ హేజెన్ దాన్ని వివరిస్తూ, రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి మట్టి ద్రవంలా మారిందన్న భావాన్ని ప్రతిపాదించాడు. 1936లో ఆర్థర్ కాసాగ్రాండే వదులు ఇసుక నలిగినప్పుడు కుంచించుకుపోతుందనీ, గట్టి ఇసుక వ్యాకోచిస్తుందనీ ప్రయోగాలతో చూపాడు. భూగర్భశాస్త్రజ్ఞులు క్షేత్రంలో చూసినది, ఇంజనీర్లు ప్రయోగశాలలో చూసినది ఒకే విషయమని తేలడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

1964లో మూడునెలల వ్యవధిలో వచ్చిన రెండు భూకంపాలు ఈ ధారలను కలిపాయి. మార్చి 27న అలాస్కాలో 9.2 తీవ్రతతో వచ్చిన భూకంపంలో యాంకరేజ్ నగరంలో పెద్ద కొండచరియలు జారాయి. జూన్ 16న జపాన్‌లోని నీగాతా నగరాన్ని 7.5 తీవ్రతగల భూకంపం కుదిపింది. 1819 కచ్ భూకంపం వచ్చిన తేదీ కూడా జూన్ 16 కావడం కేవలం యాదృచ్ఛికం.

నీగాతా నగరం షినానో నదీముఖంలోని ఇసుకనేల మీద ఉంది. అక్కడి కవాగిషిచో ప్రాంతంలోని కాంక్రీటు అపార్టుమెంటు భవనాలు ఒరిగిపోయాయి. వాటిలో ఒకటి దాదాపు పూర్తిగా పక్కకు పడుకుంది. అయితే గోడలు పగలలేదు, స్తంభాలు విరగలేదు. భవనం చెడకుండా నేల మాత్రమే విఫలమైతే ఎలా ఉంటుందో ప్రపంచానికి ఆ ఛాయాచిత్రాలు చూపాయి. కొన్ని వారాల ముందే ప్రారంభమైన షోవా వంతెన పలకలు నదిలో పడ్డాయి. నేలలో పాతిన తొట్టెలు పైకి తేలాయి. కట్టడాన్ని ఎంత గట్టిగా కట్టినా చాలదని, దాని కింది నేలకు వేరే పరీక్ష కావాలని దీనితో స్పష్టమైంది.

నీగాతాలో ఇంకొక సౌలభ్యం ఉంది. నగరంలో అనేకచోట్ల నేలను బోరువేసి పరీక్షించిన అంకెలు అందుబాటులో ఉన్నాయి. ఇసుక ఉబికిన వీధుల కింద ఆ అంకెలు తక్కువగా, ఉబకని వీధుల కింద ఎక్కువగా ఉన్నాయని జపాన్ ఇంజనీర్లు 1966 నాటికి చూపారు. సాక్షి చూసినదానికి, పరికరం కొలిచినదానికి పొత్తు కుదిరింది.

7. సుత్తిదెబ్బల లెక్క

ఆ అంకెలనిచ్చిన పరీక్ష పేరు స్టాండర్డ్ పెనిట్రేషన్ టెస్ట్. పనిలో ఉన్నవారు దీన్ని ఎస్.పి.టి. అంటారు. ఇది భూకంపాల కోసం పుట్టిన పరీక్ష కాదు. 1902లో ఛార్లెస్ గౌ అమెరికాలో బోరు అడుగున గొట్టాన్ని దిగగొట్టి మట్టి నమూనా తీసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. 1920లలో నిలువునా రెండు చీలికలుగా విడదీయగల గొట్టం వచ్చింది. నమూనా తీయడానికి ఎలాగూ గొట్టాన్ని దిగగొడుతున్నాం కనుక, ఎన్ని దెబ్బలు పడుతున్నాయో లెక్కపెడితే నేల గట్టిదనం తెలుస్తుందన్న ఆలోచన తరువాత స్థిరపడింది. 1947లో టెర్జాగీ దీనికి నేటి పేరు పెట్టాడు. భారత ప్రమాణం ఐ.ఎస్. 2131 ఈ పరీక్షకు సంబంధించినదే.

పద్ధతి సరళమైనది. బోరు కావలసిన లోతుకు చేరిన తరువాత గొట్టాన్ని అడుగుకు దించుతారు. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే వదులుతారు. గొట్టం మొదటి 15 సెంటీమీటర్లు దిగడానికి పట్టిన దెబ్బలను వదిలివేస్తారు. బోరు అడుగున మట్టి చెదిరి ఉండడమే అందుకు కారణం. తరువాతి 30 సెంటీమీటర్లకు పట్టిన దెబ్బల సంఖ్యే 'ఎన్ విలువ'. ఇసుకలో ఈ విలువ 10కి లోపు ఉంటే వదులు నేల, 30 దాటితే గట్టి నేల అని స్థూలంగా చెప్పవచ్చు. గొట్టం విప్పగానే మట్టి కంటికి కనిపిస్తుంది. అది ఇసుకో, ఒండ్రో, బంకమన్నో తెలుస్తుంది.

ఈ అంకె పుట్టే తీరును బట్టి దాని విశ్వసనీయత మారుతుంది. తాడుతో లాగి వదిలే సుత్తికి, తనంతట తాను జారే సుత్తికి శక్తిలో తేడా ఉంటుంది. ఒకే నేలలో ఇద్దరు పనివారు వేరువేరు దెబ్బల సంఖ్య రాయవచ్చు. బోరులోని నీటిమట్టం చుట్టుపక్కల భూగర్భజలమట్టంకంటే పడిపోతే అడుగున ఇసుక ఉబికి వదులవుతుంది. నిజానికి గట్టిగా ఉన్న నేల కూడా బలహీనంగా నమోదవుతుంది. అందువల్ల సుత్తి అందించే శక్తిని సిద్ధాంతపరమైన శక్తిలో 60 శాతంగా భావించి, అన్ని అంకెలను ఆ కొలమానానికి మార్చే పద్ధతి 1980లలో స్థిరపడింది. లోతును బట్టి, మెత్తని మన్ను శాతాన్ని బట్టి కూడా సవరణలు చేస్తారు. వేరువేరు లేఖకులు రాసిన ప్రతులను ఎదురెదురుగా పెట్టి, ఎవరి అలవాటు ఏమిటో గుర్తించి పాఠాన్ని నిర్ణయించడానికి ఇది దగ్గరగా ఉంది.

రెండవ పరీక్ష కోన్ పెనిట్రేషన్ టెస్ట్. 1930లలో నెదర్లాండ్స్‌లో మొదలయింది. 60 డిగ్రీల మొనగల కోనును సెకనుకు 2 సెంటీమీటర్ల వేగంతో నేలలోకి నొక్కుతూ, అది ఎదుర్కొనే నిరోధాన్ని ఎడతెగకుండా నమోదు చేస్తారు. ఎస్.పి.టి. విడివిడి లోతులలో మాత్రమే విలువ ఇస్తుంది. కోను మాత్రం పలుచని ఇసుక పొరను కూడా పట్టుకోగలదు. అయితే నమూనా పైకి రాదు. అందుకే వీలున్నచోట రెండూ చేస్తారు. నేలలో కంపనతరంగం ప్రయాణించే వేగాన్ని కొలవడం మరో మార్గం.

ప్రయోగశాలలో పరీక్షించవచ్చు కదా అన్న సందేహం సహజం. 1966లో సీడ్, లీ అనే పరిశోధకులు నీటితో నిండిన ఇసుక నమూనాను మారిమారి నొక్కుతూ, అది ద్రవీకరించే క్షణాన్ని ప్రయోగశాలలో చూపారు. ద్రవీకరణం జరిగే తీరు దానివల్ల స్పష్టమైంది. కాని జిగురులేని ఇసుకను చెదరకుండా నేలలోంచి తీయడం చాలా కష్టం. తీసేటప్పుడే రేణువుల అమరిక మారిపోతుంది. అందువల్ల ఇంజనీర్లు మళ్లీ క్షేత్రానికే తిరిగిరావలసి వచ్చింది.

8. నల్లచుక్కలు, తెల్లచుక్కలు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో పనిచేసిన హెచ్. బోల్టన్ సీడ్, ఆయన సహచరుడు ఇద్రిస్ 1971లో ద్రవీకరణాన్ని అంచనా వేసే సరళ పద్ధతిని ప్రచురించారు. అదే సంవత్సరం ఫిబ్రవరి 9న శాన్ ఫెర్నాండో భూకంపంలో ఒక పాత మట్టి ఆనకట్ట ఎగువ వాలు జలాశయంలోకి జారింది. దిగువన ఉన్న సుమారు 80,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించవలసి వచ్చింది. ఇటువంటి పద్ధతి అవసరమా అన్న చర్చకు దానితో తావులేకపోయింది.

ఈ పద్ధతిలో రెండు రాశులను పోలుస్తారు. మొదటిది భూకంపం నేలపై మోపే భారం. కంపన త్వరణం, పైనున్న మొత్తం బరువు, నీటి ఒత్తిడి పోగా మిగిలిన బరువు – వీటినుంచి దాన్ని గణిస్తారు. రెండవది నేల తట్టుకోగల శక్తి. దీనికే ఎన్ విలువ కావాలి. తట్టుకోగల శక్తిని భారంతో భాగిస్తే భద్రతాగుణకం వస్తుంది. అది 1కంటే తక్కువైతే ద్రవీకరణం జరుగుతుందని భావిస్తారు.

ఎన్ విలువ ఇంత ఉంటే నేల ఇంత తట్టుకుంటుందని ఎలా తెలుస్తుంది? దీనికి సమాధానం సమీకరణంలో లేదు, చరిత్రలో ఉంది. గతంలో భూకంపానికి గురైన స్థలాలన్నింటినీ సేకరించి, ఒక్కొక్క స్థలానికి అక్కడి ఎన్ విలువ అడ్డంగా, అక్కడ పడిన భారం నిలువుగా గుర్తిస్తారు. ఇసుక బుగ్గలు, కుంగుబాటు కనిపించిన చోటుకు నల్లచుక్క. కనిపించని చోటుకు తెల్లచుక్క. ఈ రెండు గుంపులను వేరుచేస్తూ ఒక గీత గీస్తారు. 1985లో సీడ్, ఆయన సహచరులు మెత్తని మన్ను శాతాన్ని బట్టి వేరువేరు గీతలిచ్చారు. 1990లలో నిపుణుల బృందం వాటిని సమీక్షించి 2001లో ప్రచురించింది. భారత ప్రమాణం ఐ.ఎస్. 1893 (2016)లో అనుబంధంగా ఇచ్చిన పద్ధతి ఈ పరంపరకు చెందినదే.

ఊహాత్మకమైన ఒక ఉదాహరణ చూద్దాం. నీటిమట్టం 1 మీటరు లోతులో ఉన్న ఇసుకనేలలో, 5 మీటర్ల లోతున, గురుత్వ త్వరణంలో 0.16 వంతు కంపనానికి భారం సుమారు 0.18 వస్తుంది. సవరించిన ఎన్ విలువ 10 అయితే 7.5 తీవ్రతగల భూకంపానికి ఆ నేల తట్టుకోగలిగేది సుమారు 0.11 మాత్రమే, అది ద్రవీకరిస్తుంది. ఎన్ విలువ 20 అయితే తట్టుకోగలిగేది 0.21 దాటుతుంది, నిలబడుతుంది. అదే చోట నీటిమట్టం 5 మీటర్లకు దిగితే భారం 0.10కి తగ్గుతుంది. తక్కువ తీవ్రతగల భూకంపంలో కంపనం కొద్దిసేపే ఉంటుంది కనుక నేల మరికొంత తట్టుకుంటుంది. కొన్ని దెబ్బల తేడా, కొన్ని మీటర్ల నీటి తేడా ఫలితాన్ని ఎలా తారుమారు చేస్తాయో దీనివల్ల తెలుస్తుంది.

తెల్లచుక్కల ప్రాధాన్యాన్ని ప్రత్యేకంగా గమనించాలి. నష్టం జరిగిన చోటికే అందరూ వెళతారు. ఏమీ జరగని చోటును రాసేవారు అరుదు. ఏమీ జరగని చోట్లు లేకుంటే గీత ఎక్కడ గీయాలో తెలియదు. 'ఇక్కడ ఏమీ ఉబకలేదు' అని ఒక పరిశీలకుడు రాసిన వాక్యానికి ఉబికిన చోటును వర్ణించే పేరాతో సమానమైన విలువ ఉంది.

నేల తానే నిక్షిప్తం చేసుకున్న సాక్ష్యం కూడా ఉంది. పైకి ఉబికిన ఇసుక వచ్చిన దారి, పై పొరలను చీలుస్తూ నిలువు గోడలా మిగిలిపోతుంది. కందకం తవ్వితే అది కనిపిస్తుంది. చుట్టూ ఉన్న సేంద్రియ పదార్థాన్ని కార్బన్ పద్ధతిలో కాలనిర్ణయం చేస్తే పాత భూకంపాల కాలం తెలుస్తుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు షిల్లాంగ్ పీఠభూమి ప్రాంతంలోను, బీహారు మైదానంలోను ఇలా పరిశోధించి 1897, 1934 నాటి చిహ్నాలతోపాటు వాటికంటే పాతవాటినీ గుర్తించారు. లిఖిత నివేదిక వివరాలు సరిపోల్చుకోవడానికి ఉన్నందువల్లనే తవ్వకంలో దొరికిన గుర్తులను చదవడం సాధ్యమైంది.

9. భుజ్ (2001), తెలుగు నేలలు

2001 జనవరి 26 ఉదయం వచ్చిన భుజ్ భూకంపంలో రణ్ ప్రాంతం మళ్లీ విస్తారంగా ద్రవీకరించింది. ఎండిపోయిన పాత కాలువల వెంట నీరు ఉబకడం ఉపగ్రహ చిత్రాలలో కనిపించింది. చాంగ్, టప్పర్, శివలఖా వంటి మట్టి ఆనకట్టలు దెబ్బతిన్నాయి. కరువు వల్ల జలాశయాలలో నీరు తక్కువగా ఉండడం చేత వరద ముప్పు తప్పింది. కాండ్లా ఓడరేవులో 22 మీటర్ల ఎత్తైన కార్యాలయ భవనం పైల్ పునాదుల మీద ఉన్నా ఒకవైపు ఒరిగింది. ద్రవీకరించిన పొర గుండా దిగిన పైల్‌కు పక్కనుంచి ఆసరా పోతుందన్న విషయం మన దేశంలోనే రుజువైంది.

తెలుగు రాష్ట్రాలలో హిమాలయ మైదానాలంతటి ప్రమాదం లేదు. హైదరాబాదు రాతినేల మీద ఉంది, 2016 ప్రమాణం దాన్ని రెండవ భూకంప మండలంలో చేర్చింది. 2016 ప్రమాణం ప్రకారం విజయవాడ మూడవ మండలంలో ఉంది. 1967లో ఒంగోలు వద్ద, 1969లో భద్రాచలం వద్ద మోస్తరు భూకంపాలు వచ్చాయి. కృష్ణా, గోదావరి డెల్టాలలో ఒండ్రు, ఇసుక పొరలు, పైకి ఉన్న నీటిమట్టం – మూడు షరతులలో రెండు చాలాచోట్ల సిద్ధంగా ఉన్నాయి. మూడవదైన కంపనం ఎంత ఉండవచ్చునన్నది గణించవలసిన విషయం. డెల్టా అంతా ప్రమాదకరమని గాని, ప్రమాదమే లేదని గాని చెప్పడానికి వీలులేదు. ఒకే ఊరిలో నల్లరేగడి మీద ఉన్న వీధికి, పూడిన పాత కాలువ మీద వెలసిన వీధికి జవాబు వేరుగా ఉంటుంది. స్థలం కొన్నవారు 'సాయిల్ టెస్ట్' అని చేయించేదానిలో ఎన్ విలువతోపాటు నీటిమట్టం, మెత్తని మన్ను శాతం ఉన్నాయా అని చూడడం అందువల్ల అవసరం.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

మొదటిది, నేల ద్రవీకరణ పరీక్షలో ప్రమాణంగా ఉన్న గీత అనుభవసిద్ధమైనది. కచ్ నుంచి నీగాతా వరకు సాక్షులు నమోదు చేసే అలవాటు వల్లనే అది సాధ్యమైంది. రెండవది, చూసినదాన్ని వివరణ నుంచి వేరుచేసి రాసిన నివేదికలు సిద్ధాంతాలు మారినా నిలిచాయి. 1934 భూకంపకేంద్రం మారినా కుంగిన మేఖల వర్ణన చెల్లుబాటులోనే ఉంది. మూడవది, పరీక్షాంకం కూడా ఒక సాక్ష్యమే. ఎవరు, ఏ పరికరంతో, ఏ స్థితిలో తీశారో తెలియనిదే దాన్ని స్వీకరించకూడదు.

తెలుగు పరిశోధకులు ఇందులో చేయగల పని ఉంది. నదీతీర గ్రామాలలో పూడిన కాలువల పేర్లు, పాత ఏటి దారులు, ఊబినేలలను సూచించే స్థలనామాలు స్థానిక చరిత్రలలోను, కైఫీయతులలోను, పెద్దల జ్ఞాపకాలలోను ఉన్నాయి. 1967, 1969 భూకంపాలను చూసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి మాటలను చోటుతో సహా, ఏమీ జరగలేదన్న మాటతో సహా, నమోదు చేసి భూవిజ్ఞాన పరిశోధకులకు అందుబాటులో ఉంచడం స్థలనామ పరిశోధన, మౌఖిక చరిత్ర చేస్తున్నవారు చేపట్టవలసిన అంశం.